ఆమె కోసం తీసిపెట్టిన కప్పు

ఆమెకి రెండు పేర్లుండేవి. ఆఫీసులో అందరూ చాటుగా 'థర్మామీటరు మేడం' అనేవారు. ఆఫీసుకి రెండు వీధుల అవతలున్న చిన్న రెస్టారెంటులో మాత్రం ఆమె 'కిటికీ చెల్లెమ్మ'. పద్దెనిమిదేళ్ళుగా ఈ రెండు పేర్లూ ఎక్కడా ఎదురుపడలేదు. ఎదురుపడకుండా ఆమే జాగ్రత్తపడింది.

ఆమె ఆహార తనిఖీ అధికారి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హోటళ్ళూ, బేకరీలూ, క్యాంటీన్లూ తిరగడం, ఫ్రిజ్‌లు తెరిచి వేడీ చలవా కొలవడం, మూతలెత్తి వాసన చూడడం, గిన్నెల అడుగులు వేలితో రాసి చూడడం ఆమె ఉద్యోగం. ఎక్కడ అడుగుపెట్టినా మనుషుల ముఖాలు మారిపోయేవి. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళు బిగుసుకుపోయేవారు. ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్ళి కొత్త ఏప్రాను తొడుక్కునేవారు. మరొకరు "మేడం గారికి స్పెషల్‌గా" అంటూ ఏదో ఒకటి పట్టుకొచ్చేవారు. ఆమె మంచినీళ్ళు కూడా ముట్టుకునేది కాదు.

ఇంట్లో సంగతి వేరు. అత్తగారూ, భర్తా, ఇద్దరు కూతుళ్ళూ, పెళ్ళి మాటెత్తితే పారిపోయే మరిదీ. తనతో కలిపి ఆరుగురు, ఆరు రుచులు. పొద్దున్నే లేచి "ఏం చెయ్యమంటారు?" అని గది గదికీ వెళ్ళి అడగడంతోనే ఆమె రోజు మొదలయ్యేది. అత్తగారు "ఏదైనా పర్లేదమ్మా" అంటే ఆ రోజు ఏదీ పనికిరాదని అర్థం.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో, జోరున వాన కురుస్తుంటే, తలదాచుకోవడానికి ఆ రెస్టారెంటులోకి దూరింది. తొమ్మిది టేబుళ్ళు. కిటికీ పక్క ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోగానే యజమాని ఏమీ అడక్కుండా వేడి సూప్ గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. "ముందు ఇది తాగమ్మా. తడిసిపోయావు. ఏం కావాలో తర్వాత చెబుదువుగాని," అన్నాడు. ఆ తర్వాత చెప్పనేలేదు. మర్నాడూ ఏదో వచ్చింది, తిన్నది. మూడో రోజూ అంతే. ఒకరోజు చేప, ఒకరోజు ఉడికించిన కూరగాయలు, పక్కన రొట్టె. ఏం రావాలో లోపల వంట చేసే ఆయన భార్య నిర్ణయించేది. రోజు మొత్తంలో ఆ ముప్పావుగంటే ఎవరూ ఆమెని ఏమీ అడగరు, ఆమె కూడా ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. ఆయన్ని అన్నయ్యా అనీ, వంట చేసే ఆవిడని వదినా అనీ పిలవడం ఎప్పుడు మొదలైందో ఆమెకే గుర్తులేదు.

"ఏం పని చేస్తావమ్మా?" అని ఒకసారి అన్నయ్య అడిగాడు.

"ఆఫీసులో," అంది.

"టైపింగా?"

ఆమె నవ్వి ఊరుకుంది. ఆ వీధి వేరే అధికారి కిందకి వస్తుంది. తన పనికీ ఆ చోటుకీ సంబంధం లేదు. ఉద్యోగం పేరు చెబితే ఆ ముఖాలు కూడా మారిపోతాయి, ఆ సూప్ కూడా 'స్పెషల్' అయిపోతుంది. అందుకే చెప్పలేదు.

ఆ గురువారం పొద్దున్న పెద్దాఫీసరు ఆమెని గదిలోకి పిలిచి ఒక కాగితం చేతికిచ్చాడు. దుస్తులు కుట్టే యూనిట్‌లో పనిచేసే తొమ్మిదిమంది వాంతులతో, జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. అందరూ మంగళవారం మధ్యాహ్నం ఒకేచోట తిన్నారు. కింద ఆ చోటు చిరునామా ఉంది.

చదవగానే ఆమె కాగితం తిరిగి ఆయన టేబులు మీద పెట్టేసింది.

"సార్, ఇది నాకు ఇవ్వకూడదు. నేను రోజూ అక్కడే భోంచేస్తాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పద్దెనిమిదేళ్ళ నుంచి."

ఆయన కళ్ళజోడు తీసి ఆమె ముఖంలోకి చూశాడు. "ఇద్దరు శిక్షణకెళ్ళారు. ఆ వీధి చూసేవాడు కాలు విరగ్గొట్టుకుని మంచం మీదున్నాడు. ఇంకెవర్ని పంపమంటారు, నా కుర్చీనా? మీకా చోటు అలవాటేనన్న మాట రిపోర్టులో మొదటి లైనుగా రాయండి. ముందు ఆసుపత్రికి వెళ్ళండి. ఒకావిడ పరిస్థితి బాలేదట, గర్భిణీ మనిషి."

ఆసుపత్రి వార్డులో ఆమె ఒక్కొక్క మంచం దగ్గరా నిలబడి అవే ప్రశ్నలు అడిగింది. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, పక్కవాళ్ళేం తిన్నారు? ఒకరు సూప్ తాగారు, ఒకరు తాగలేదు. ఇద్దరు చేప తిన్నారు, ఒకతను రొట్టెతో సరిపెట్టుకున్నాడు. చివర్లో మాత్రం అందరిదీ ఒకటే మాట.

"పుడ్డింగండీ. కప్పుల్లో ఇచ్చారు. హోటలు పెట్టి పాతికేళ్ళయిందని ఆ రోజు అందరికీ ఊరికే పంచారు," అన్నాడు రొట్టె తిన్నతను నీరసంగా. అతని మంచం పక్క స్టూలు మీద కూర్చున్న స్నేహితుడు కూడా అదే టేబుల్ దగ్గర తిన్నవాడే. తీపి పడదని కప్పు ముట్టుకోలేదట. నిక్షేపంగా ఉన్నాడు.

ఆమె కలం ఆగిపోయింది. మంగళవారం తనూ అక్కడే ఉంది. సగం తింటుండగా మీటింగుందని ఫోనొస్తే లేచి వెళ్ళిపోయింది. వెనకనుంచి వదిన ఏదో కేకేస్తే, రేపొస్తానని చెయ్యూపింది. బుధవారం బయట ఊరి తనిఖీకి వెళ్ళాల్సొచ్చి రాలేకపోయింది.

వరండాలోకొచ్చి ఫోను తీసింది. ఒక్క మాట చాలు. 'అన్నయ్యా, నేనొస్తున్నాను' అంటే చాలు, ఆయనే అర్థం చేసుకుంటాడు. పది నిమిషాల్లో ఫ్రిజ్‌లు కడిగేస్తారు, గిన్నెలు తోమేస్తారు, ఏ ఆధారమూ మిగలదు. ఆ సంగతి ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? ఇలాంటి ఫోన్లు చేసినవాళ్ళ మీద తనే రిపోర్టులు రాసింది. తెలిసీ నంబరు నొక్కింది. అవతల ఒకసారి మోగింది. అప్పుడే వార్డు తలుపు తోసుకుంటూ నర్సులు ఒక మంచాన్ని బయటికి తెచ్చారు. దాని మీద ఏడో నెల కడుపుతో ఒకావిడ పడుకుని ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. మంచం పక్కన పరిగెడుతున్న భర్త కాళ్ళకి రెండు వేర్వేరు చెప్పులున్నాయి.

ఆమె ఫోను కట్ చేసింది. కానీ ఒకసారి మోగడం మోగింది.

రెస్టారెంటు ముందు ఆఫీసు వ్యాను ఆగేసరికి పన్నెండుకి ఇరవై నిమిషాలు తక్కువ. పన్నెండింటికి తలుపులు తెరుస్తారు, పన్నెండుంపావుకల్లా కుర్చీలు నిండిపోతాయి. ఆమెతో వచ్చిన అటెండరు, రిటైర్మెంటుకి ఏడాది దూరంలో ఉన్న మనిషి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగి ఐసు నింపిన శాంపిళ్ళ పెట్టె అందుకున్నాడు.

"మేడం, ముఖం అలా ఉందేంటి? మీరూ ఏమన్నా తిన్నారా?" అన్నాడు.

"తినలేదు. తినాల్సింది," అంది.

అన్నయ్య టేబుళ్ళు తుడుస్తున్నాడు. ఆమెని చూడగానే ముఖం విప్పారింది. "అరె, చెల్లెమ్మా! ఇవాళ ఇంత పెందలాడే వచ్చావేం? ఇందాక నీ ఫోను మోగి ఆగిపోయింది. తిరిగి చేద్దామంటే చేతులు పిండిలో ఉన్నాయి. ఈయనెవరు, మీ ఆఫీసాయనా? కూర్చోండి బాబూ."

ఆమె బ్యాగులోంచి గుర్తింపు కార్డు తీసి మెడలో వేసుకుంది. దారం రెండుసార్లు చిక్కుపడింది.

"అన్నయ్యా, ఇవాళ నేను తినడానికి రాలేదు. తనిఖీకొచ్చాను. మంగళవారం ఇక్కడ తిన్నవాళ్ళు తొమ్మిదిమంది ఆసుపత్రిలో ఉన్నారు."

ఆయన కార్డు చదివాడు. మళ్ళీ చదివాడు. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. వంటింటి తలుపు దగ్గరికి వదిన వచ్చి, తడి చేతులతోనే గుమ్మం పట్టుకు నిలబడింది.

"టైపింగన్నావు," అన్నాడు చివరికి.

"ఆఫీసన్నాను. టైపింగని మీరనుకున్నారు."

"పద్దెనిమిదేళ్ళు మా ఇంటి మనిషివనుకున్నాం. నువ్వు మమ్మల్ని కనిపెట్టుకుని కూర్చున్నావా?"

"లేదన్నయ్యా. ఇక్కడ తిన్నన్నాళ్ళూ నేను తినడానికే వచ్చాను." ఆ మాట ఆయన చెవిన పడినట్టు లేదు. "వంటిల్లు చూడాలి. స్టవ్‌లు ఆపించండి. తలుపులు తెరవకండి."

అన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ వంటింట్లోకి వెళ్ళలేదు. చూడాలంటే భయం. చూస్తే తన కళ్ళు ఊరుకోవు. ఇప్పుడు గుమ్మం దాటుతుంటే మనసులో ఒకటే కోరిక, శుభ్రంగా ఉండాలని. శుభ్రంగానే ఉంది. కత్తులు వేటికవి గోడకి తగిలించి ఉన్నాయి, నేల పొడిగా ఉంది, చెత్తడబ్బాకి మూత ఉంది. పెద్ద ఫ్రిజ్‌లో థర్మామీటరు పెడితే నాలుగు డిగ్రీలు చూపించింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. తర్వాత పెరటి తలుపు పక్కనున్న పాత ఫ్రిజ్ తెరిచింది. పదమూడు. అయిదు దాటకూడదు. నమ్మలేక ఇంకో థర్మామీటరు పెట్టి చూసింది. అదీ పదమూడే అంది. తలుపు అంచున రబ్బరు ఒకవైపు ఊడి వేలాడుతోంది.

"శనివారం మెకానిక్ వస్తానన్నాడు," అంది వదిన నెమ్మదిగా.

"పుడ్డింగ్ ఎప్పుడు చేశారు వదినా?"

"సోమవారం సాయంత్రం. గుడ్లూ మీగడా గిలక్కొట్టి చేశాను. పెద్దదాన్నిండా చేపలున్నాయని ఇందులో పెట్టాను."

"గుడ్లు ఉడికించారా?"

"అది ఉడికించేది కాదు."

ఆమె రాసుకుంది. "ఏమైనా మిగిలిందా?"

"లేదు," అన్నాడు అన్నయ్య వెంటనే. "మొత్తం అయిపోయింది."

వదిన నేలకేసి చూసింది. అబద్ధాన్ని కనిపెట్టడం ఆమెకి ఉద్యోగమిచ్చిన విద్య. అయినా ఆ క్షణంలో ఆ విద్య రాకుండా ఉంటే బాగుండుననిపించింది. మళ్ళీ అడిగింది. ఈసారి వదిన వైపు తిరిగి అడిగింది.

"ఒక్క కప్పుంది," అంది వదిన. "నీదే. తినకుండా వెళ్ళిపోయావని తీసిపెట్టాను. నిన్న కూడా నువ్వు రాలేదుగా."

పెద్ద ఫ్రిజ్ పై అరలో, చిన్న పళ్ళెం మూత పెట్టి ఉంది ఆ కప్పు. ఆమె చెయ్యి చాపేలోపు అన్నయ్య దాన్ని తీసేసుకున్నాడు. రెండంగల్లో సింకు దగ్గరికి వెళ్ళి పళ్ళెం తీసేసి, కప్పు వంచబోయి ఆగాడు.

"ఇదొక్కటీ లేకపోతే నీ చేతిలో ఏం ఉండదు కదా?" అన్నాడు. ఆయన గొంతు ఆమె ఎప్పుడూ వినని గొంతు.

"ఉండదు."

"పాతికేళ్ళు చెల్లెమ్మా. ఈ చేతుల్తో కట్టుకున్నది."

"తెలుసు." లాక్కోవచ్చు. కేకలేయొచ్చు. చట్టం ఏమంటుందో చదివి వినిపించొచ్చు. అవేవీ చెయ్యలేదు. "అన్నయ్యా, ఒకావిడ ఏడో నెల. ఇందాకే వేరే వార్డుకి తీసుకెళ్ళారు. ఇందులో ఏ క్రిమి ఉందో తేలితే ఆవిడకి వైద్యం చేసేవాళ్ళకి పనికొస్తుంది. పుడ్డింగే కారణమైతే ఇంకా ఎవరెవరిని హెచ్చరించాలో మనకి తెలుస్తుంది. మీరు వంచేస్తే నేను ఆపలేను. అదీ రాస్తాను."

కొళాయి నుంచి చుక్కలు పడుతున్నాయి. వదిన కదిలింది. గబగబా నడిచి వెళ్ళి, చంటిపిల్లాడి చేతిలోంచి గాజుగ్లాసు తీసుకున్నట్టు ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి కప్పు తీసుకుంది. తెచ్చి ఆమెకిచ్చింది.

"ఇంకో సంగతి," అంది వదిన. "నాలుగు కప్పులు ఇళ్ళకి కట్టిచ్చాను."

ఇక అక్కడ ఎవరూ నిలబడలేదు. కప్పు పెట్టెలోకెళ్ళింది, సీలు పడింది. "ఎవరెవరికి?" అని ఆమె అడిగితే అన్నయ్య నుదురు కొట్టుకున్నాడు. పాతికేళ్ళుగా వచ్చేవాళ్ళని వాళ్ళు కూర్చునే చోటుని బట్టో, చేసే పనిని బట్టో ఆయన గుర్తుపెట్టుకున్నాడు తప్ప ఒక్కరి పేరూ అడగలేదు. "తలుపు పక్క మాస్టారికొకటి. కళ్ళద్దాల షాపాయనకొకటి. పియానో టీచరుకి రెండు, తనకీ వాళ్ళమ్మకీ."

పన్నెండైంది. మూసిన తలుపు బయట జనం చేరారు. అన్నయ్య తలుపు కొంచెం తెరిచి బయటికి వెళ్ళాడు. ఏం చెబుతాడోనని ఆమె వెనకే వెళ్ళింది. ఆయన దాచలేదు. "మా పుడ్డింగ్ తిని జనం జబ్బుపడ్డారు. ఇవాళ భోజనం లేదు. మంగళవారం తిన్నవాళ్ళెవరైనా ఒంట్లో బాలేకపోతే ఈ మేడంతో చెప్పండి," అన్నాడు. మేడం అనడం ఆమెకి చురుక్కుమంది.

మాస్టారు ముందుకొచ్చాడు. "ఆ కప్పా? మా ఆవిడ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని బాలేదని పారేసింది."

"బాలేదందా?" అన్నాడు అన్నయ్య, అంత ఆపదలోనూ మనసు కష్టపెట్టుకుని. మరుక్షణం చేతులు జోడించాడు. "మీ ఆవిడకి నా దండాలని చెప్పండి మాస్టారూ."

కళ్ళద్దాల షాపాయన మంగళవారమే తినేశాడట. నిన్నట్నుంచి కడుపులో తిప్పుతోందనీ, మందుల షాపులో మాత్రలు తీసుకున్నాననీ అన్నాడు. ఆమె ఆయన్ని అటెండరుతో పాటు ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపింది. అటెండరు అక్కణ్ణుంచి శాంపిల్ పెట్టెతో ల్యాబుకి వెళ్తాడు.

పియానో టీచరు రాలేదు.

"గురువారం తప్పదు ఆవిడ," అన్నాడు అన్నయ్య. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పన్నెండూ అయిదుకల్లా వస్తుంది. ఎప్పుడూ."

ఆవిడ ఫోను నంబరు ఎవరి దగ్గరా లేదు. లాండ్రీ పైన మూడో అంతస్తులో పాఠాలు చెబుతుందని మాత్రం ఆయనకి తెలుసు. వ్యాను ఎక్కారు. రెండు వీధుల దూరం రెండు ఊళ్ళంత అనిపించింది. మెట్లు ఎక్కుతుంటే ఆయన ఆమెని దాటుకుని ముందుకెళ్ళిపోయాడు. అరవై దాటిన మనిషి రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు.

పెద్దావిడ తలుపు తీసింది. "అమ్మాయికి జ్వరం బాబూ. పొద్దున్నుంచి లేవలేదు. పడిశం అనుకుంటా."

"పుడ్డింగ్ తిన్నారా?" అన్నాడు ఆయన, నమస్కారం కూడా పెట్టకుండా.

"అది నిన్న సాయంత్రం తింది. నాది ఇదిగో, అన్నం తిన్నాక తిందామని బయట పెట్టుకున్నా. చల్లగా ఉంటే పళ్ళు జివ్వుమంటాయి."

టేబులు మీద ఖాళీ పళ్ళెం, దాని పక్కన కప్పు, అందులో చెంచా. అన్నయ్య వెళ్ళి ఆ కప్పు తీసుకుని గుండెలకి ఆనించుకున్నాడు. గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. "అమ్మా, మీ అమ్మాయికి పడిశం కాదు. మా వంటింట్లోంచి వచ్చిన జబ్బది. లేవండి, ఆసుపత్రికి తీసుకెళ్దాం," అన్నాడు. టీచరు నిలబడలేకపోయింది. వ్యాను డ్రైవరూ ఆయనా కలిసి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ మోసుకుంటూ దించారు. ముసలావిడ చెయ్యి పట్టుకుని ఆమె వెనకాల దిగింది.

సాయంత్రం ఆమె రెస్టారెంటు తలుపు మీద నోటీసంటించి సీలు వేసింది. అన్నయ్య పక్కనే నిలబడి చూశాడు. "ఎక్కడ సంతకం పెట్టమంటారు?" అన్నాడు. అప్పటిదాకా ఆమెని 'నువ్వు' అనే అన్న మనిషి.

నాలుగు రోజులకి ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. కప్పులోనూ, జబ్బుపడ్డవాళ్ళలోనూ ఒకే క్రిమి. గర్భిణీ మనిషి పన్నెండో రోజున ఇంటికెళ్ళింది, కడుపులో బిడ్డ క్షేమంగా ఉంది. ఆ కబురు ఫోనులో విన్నప్పుడు ఆమె ఆఫీసు బాత్రూములోకెళ్ళి కొళాయి తిప్పి కాసేపు ఏడ్చింది. టీచరు వారానికి లేచి తిరిగింది. రెస్టారెంటు ఆరు వారాలు మూతపడింది. ఆసుపత్రి వరండాలో తను చేసిన ఫోను సంగతి కూడా ఆమె రిపోర్టులో రాసింది. దానికి పెద్దాఫీసరు మెమో ఇచ్చాడు. "రాయకపోతే నాకు తెలిసేదే కాదు కదండీ," అన్నాడు విసుగ్గా. ఆ ఆరు వారాలూ ఆమె ఇంటినుంచి డబ్బా తెచ్చుకుని ఫైళ్ళ మధ్య తిన్నది. ఏం తిన్నదో సాయంత్రానికి గుర్తుండేది కాదు.

మళ్ళీ తెరిచారని విని నాలుగు రోజులు ఆ వీధి వైపు వెళ్ళలేదు. అయిదో రోజు వెళ్ళింది. గుమ్మంలో అడుగుపెడుతుంటే, తన వృత్తిలో ఎదుటివాళ్ళకి ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసొచ్చింది. సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అన్నయ్య వచ్చి, "రండి, కూర్చోండి," అని మెనూ కాగితం ముందు పెట్టాడు. ఆ చోట మెనూ ఉందని కూడా ఆమెకి తెలియదు. అక్షరాలు కనబడుతున్నాయి కానీ మెదడుకెక్కడం లేదు. ఏదో ఒకటి చూపించింది.

ఆయనే తెచ్చిపెట్టాడు. వెళ్ళిపోకుండా ఎదుటి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు మా ఆవిడ అడ్డు రాకపోతే నేను పారబోసేవాణ్ణే," అన్నాడు. "ఆ మాట మీకు చెప్పాలనుకుంటున్నాను."

"తెలుసన్నయ్యా."

"తెలిసీ రిపోర్టులో రాయలేదు కదా."

"రాశాను. సింకు దగ్గర ఆగారని రాశాను. మూడో అంతస్తుకి నాకన్నా ముందు ఎక్కారని కూడా రాశాను."

ఆయన కుర్చీ వీపు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. దవడ బిగుసుకుంది, వదులైంది. కోపమో ఇంకేమిటో ఆమె పోల్చుకోలేకపోయింది. కిటికీ అవతల ఎవరో సైకిల్ స్టాండు వేస్తున్నారు.

"తిను, చల్లారిపోతోంది," అని లోపలికెళ్ళిపోయాడు.

ఆమె తిన్నది. మర్నాడూ వెళ్ళింది. పాతవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు, కొందరు ఎప్పటికీ రాలేదు. వదిన ఎప్పటిలాగే పలకరించేది. కానీ ఆ తర్వాత ఏనాడూ తీపి వండలేదు. ఎవరైనా అడిగితే తనకి చేతకాదని చెప్పేది.